గాలి ఎంత కొట్టాలి?

కొత్తగా రోడ్ సైకిల్ కొన్నవాళ్ళు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఇది: "టైరు పక్కన గరిష్ఠం 115 పీఎస్ఐ అని ఉందండీ, అంతా కొట్టేయమంటారా?" వద్దు. ఎందుకు వద్దో, మరి ఎంత కొట్టాలో, ఆ లెక్క మీ అంతట మీరే ఎలా తేల్చుకోవాలో నిదానంగా చూద్దాం. రాజమండ్రి గోదావరి గట్టు మీద, ధవళేశ్వరం బ్యారేజీ మీద, భీమవరం పాలకొల్లు దారిలో తెల్లారగట్ల సన్న టైర్ల సైకిళ్ళు ఇప్పుడు కనిపిస్తున్నాయి. వేలకు వేలు పోసి సైకిల్ కొని, పైసా ఖర్చు లేని ఈ ఒక్క విషయంలో అశ్రద్ధ చేసి, చేతులు తిమ్మిరెక్కో, పంక్చర్లతో విసుగెత్తో దాన్ని మెట్ల కింద పడేసినవాళ్ళని చూస్తే మనసు చివుక్కుమంటుంది.

కారు టైరుకి 32 చాలుతుంటే సైకిల్‌కి 80 ఎందుకు?

బరువు మోసేది ప్రధానంగా రబ్బరు కాదు, లోపలి గాలి. టైరు నేలని తాకేచోట కాస్త అణుగుతుంది. అణిగినంత మేర వైశాల్యాన్ని లోపలి ఒత్తిడితో గుణిస్తే, దాదాపుగా ఆ చక్రం మీద పడిన బరువు వస్తుంది. 80 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 5.6 కిలోలు. 70 కిలోల మనిషి, 10 కిలోల సైకిలు, రెండు నీళ్ళ సీసాలు కలిపితే వెనక చక్రం మీద 48 కిలోలు పడ్డాయనుకుందాం. అప్పుడు నేలకి ఆనే జాగా ఎనిమిదిన్నర చదరపు సెంటీమీటర్లు, అగ్గిపెట్టె పైభాగంలో సగం. గాలి 40కి దిగిపోతే ఆ జాగా రెట్టింపై అగ్గిపెట్టంత అవుతుంది.

కారు టైరు వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది. అది నేల మీద బాగా పరుచుకున్నా, రిమ్ముకీ రోడ్డుకీ మధ్య బోలెడు ఎడం మిగులుతుంది. 25 మి.మీ. సైకిల్ టైరుకి ఆ ఎడం లేదు. కొంచెం ఎక్కువ అణిగిందంటే రిమ్ము వచ్చి రోడ్డుకి తగులుతుంది. అందుకే టైరు సన్నబడేకొద్దీ గాలి పెరగాలి, లావయ్యేకొద్దీ తగ్గాలి. మన పాత హీరో, అట్లాస్, హెర్క్యులిస్ సైకిళ్ళ టైరు 28 అంగుళాలకి ఒకటిన్నర, అంటే 40 మి.మీ. దాకా వెడల్పు. 45, 50 పీఎస్ఐ గాలితో అవి ఊరంతా తిరిగాయి. వాటి అలవాటుని సన్న టైరుకి తెచ్చినా చిక్కే, సన్న టైరు లెక్కని వాటికి పట్టుకెళ్ళినా చిక్కే.

అయితే టైరు మీద ఆ 115 ఎవరి కోసం?

ఎవరి కోసమూ కాదు. ఇంతకు మించితే మా పూచీ లేదని కంపెనీ గీసిన హద్దు అది. అదే టైరుని 55 కిలోల ఇంటర్ పిల్లా కొంటుంది, 95 కిలోల ఆఫీసరుగారూ కొంటారు. ఇద్దరికీ ఒకే అంకె ఎలా సరిపోతుంది? ఇంకో మాట. రిమ్ముకి కూడా హద్దు ఉంటుంది. ఈమధ్య వస్తున్న కొన్ని రిమ్ములకి టైరు అంచుని పట్టుకునే కొక్కెం లాంటి మడత ఉండదు. హుక్‌లెస్ అంటారు. వాటిలో 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు. దాటితే టైరు రిమ్ములోంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. టైరుదీ రిమ్ముదీ రెండు అంకెలూ చూసి, ఏది తక్కువైతే దాన్నే హద్దుగా పెట్టుకోవాలి.

గట్టిగా ఉంటేనే కదా వేగం?

అందరూ పొరబడేది ఇక్కడే. అద్దంలాంటి నున్నటి నేల మీద ఆ మాట నిజం. చక్రం తిరుగుతున్నంతసేపూ టైరు నేల దగ్గర అణుగుతూ, పైకొచ్చి లేస్తూ ఉంటుంది. అణిగినప్పుడు తీసుకున్న శక్తినంతా రబ్బరు తిరిగివ్వదు, కొంత వేడిగా మారిపోతుంది. గాలి పెరిగితే అణగడం తగ్గుతుంది కాబట్టి ఆ నష్టమూ తగ్గుతుంది. ప్రయోగశాలలో నున్నటి ఉక్కు డ్రమ్ము మీద టైరుని తిప్పి కొలిచినన్నాళ్ళూ ఇదే లెక్క వచ్చింది. 'ఎంత గట్టి అయితే అంత వేగం' అన్న నమ్మకానికి అదొక ఊతం.

కానీ ఉక్కు డ్రమ్ము మీద మనిషి కూర్చోలేదు, దానికి గతుకులూ లేవు. రోడ్డు మీద చిన్న రాయి అడ్డొస్తే టైరయినా దాన్ని మింగాలి, లేదంటే సైకిలూ మనిషీ కలిసి పైకి లేవాలి. గట్టి టైరు మింగదు. అప్పుడు ముందుకు పోవాల్సిన శక్తి పైకి పోతుంది. ఆ అదురు చేతుల్లోకి, నడుములోకి, తొడల్లోకి ఎక్కుతుంది. ఒంట్లోని కండలు ఆ అదురుని అణిచి వేడిగా మార్చేస్తాయి. ఆ శక్తి ఎక్కడిది? మీ కాళ్ళదే. అమెరికాలో 'బైసికిల్ క్వార్టర్లీ' పత్రిక నడిపిన యాన్ హైనా, ఆయన తోటివాళ్ళూ రోడ్డు మీద మనిషిని ఎక్కించి కొలిచినప్పుడు ఈ నష్టం ఎంత పెద్దదో బయటపడింది. గాలి పెంచుకుంటూ పోతే ఒక హద్దు దాకా నష్టం మెల్లగా తగ్గుతుంది, హద్దు దాటాక జోరుగా పెరుగుతుంది. రోడ్డు ఎంత గరుకైతే ఆ హద్దు అంత ముందే వస్తుంది. ఇంకోటి కూడా గమనించండి. అవసరం కంటే ఐదు పీఎస్ఐ తక్కువైతే పోయేది కొంచెమే, ఐదు ఎక్కువైతే పోయేది అంతకంటే ఎక్కువ. అనుమానం ఉన్నప్పుడు తక్కువ వైపే మొగ్గడం మేలని నేననేది అందుకే.

చరిత్ర చూసినా ఇదే. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయిడ్ డన్లప్ 1888లో గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా సైకిళ్ళు గట్టి రబ్బరు చక్రాల మీదే నడిచాయి. మరుసటేడు విల్లీ హ్యూమ్ అనే అతను గాలి టైర్లు వేసుకుని అక్కడి పోటీల్లో దిగి, గట్టి చక్రాల వాళ్ళని ఓడించాడు. నేటి సంగతి చూడండి. ఫ్రాన్స్‌లో రాళ్ళు పరిచిన పల్లె దారుల మీద జరిగే పారిస్–రూబే పందెంలో ఒకప్పుడు ఇప్పటికంటే సన్న టైర్లు వాడేవారు. ఇప్పుడు 30 మి.మీ., అంతకంటే లావు టైర్లు వేసి, గాలి బాగా తగ్గించి నడుపుతున్నారు. అది వాళ్ళు సుఖం కోసం చేస్తున్న పని కాదు.

మన రోడ్లు ఎలాంటివి?

డెల్టాలో కొండల్లేవు. మిట్ట ఎక్కాలన్న బెంగ లేదు కాబట్టి వేగం పెంచుకోవడానికి గాలి ఒక్కటే ఉపాయమని కొత్తవాళ్ళకి అనిపిస్తుంది. నిజానికి చదును నేల మీద గంటకి 25, 30 కిలోమీటర్ల వేగంలో మీ శక్తిలో ఎక్కువ భాగం ఎదురుగాలిని చీల్చడానికే పోతుంది. ఒంగి కూర్చోవడం నేర్చుకుంటే దక్కే వేగం, టైరులో 20 పీఎస్ఐ ఎక్కువ పెడితే రాదు. పైగా చదునుకి ఇంకో ఇబ్బంది ఉంది. దిగుడు ఉండదు, పెడల్ ఆపి సీటు మీంచి లేచే సందు దొరకదు. ఒకే భంగిమలో గంటలకొద్దీ కూర్చుంటాం, అదురంతా ఒకే చోట పడుతుంది. 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా ముగించాల్సిన దూరప్రయాణం, పదమూడున్నర గంటల్లో ముగించాలని బయల్దేరిన మనిషికి నూట యాభయ్యో కిలోమీటరు దగ్గర ఉంగరం వేలూ చిటికెన వేలూ మొద్దుబారితే, అందులో గట్టి టైరు వాటా తక్కువేమీ కాదు.

ఇక ఆ రోడ్ల కింద ఏముందో చూడాలి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక కాలవలు డెల్టా అంతా అల్లుకున్నాయి. కాలవకి గట్టు, గట్టు మీద బాట, బాట మీద తారు. మన పల్లె రోడ్లలో చాలా వాటి పుట్టుక ఇదే. గట్టు నల్లరేగడి మట్టిది. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుని బీటలిస్తుంది. ఒక పక్క ఎప్పుడూ నీళ్ళు, ఇంకో పక్క కొన్నాళ్ళు తడి, కొన్నాళ్ళు పొడి. దాంతో కాలవ వైపు అంచు కుంగి, రోడ్డు పొడవునా పగులు తీస్తుంది. ఆ పైన చేపల లారీలూ ధాన్యం ట్రాక్టర్లూ తిరుగుతాయి. పోసిన తారు ఏడాదిలో అలలు అలలుగా తయారవుతుంది. ఊళ్ళోకొస్తే సిమెంటు రోడ్డు, ప్రతి పలకకీ ఒక అతుకు. కొవ్వూరు నుంచి రాజమండ్రికి 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీద వచ్చినవాళ్ళకి తెలుసు, స్పానుకీ స్పానుకీ మధ్య జాయింటు దగ్గర సన్న టైరు ఎలా కొడుతుందో. వంద పీఎస్ఐతో ఆ నాలుగు కిలోమీటర్లూ దాటి చూడండి, తర్వాత గాలి తగ్గించి ఇంకోసారి దాటండి. ఈ వ్యాసం మిగతా భాగం చదవక్కర్లేదు.

జాతీయ రహదారి మీద నున్నటి తారు ఉంటుంది, అక్కడ కాస్త గట్టి గాలి నప్పుతుంది. కానీ హైవే మీద వంద తొక్కినా, ఇంటి నుంచి హైవే దాకా ఉండే ఐదు కిలోమీటర్ల గట్టు రోడ్డుకి తగినట్టే గాలి పెట్టుకోండి. పంక్చర్ అయ్యేదీ, రిమ్ము సొట్టపోయేదీ అక్కడే.

మరీ తగ్గిస్తే ఏమవుతుంది?

గొయ్యి అంచు ఎదురైనప్పుడు టైరు పూర్తిగా అణిగిపోయి, ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలుగుతుంది. ట్యూబు విప్పి నీళ్ళ బేసిన్‌లో ముంచితే, పక్కపక్కన రెండు చిన్న చీలికల్లోంచి బుడగలొస్తాయి. రిమ్ము రెండంచుల ఆనవాళ్ళు అవి. అలా రెండు కనిపిస్తే ముల్లు కోసం వెతక్కండి, తప్పు గాలిది. ఒకటే బొక్క ఉండి అది బయటివైపుంటే ముల్లో గాజుపెంకో, టైరు లోపల వేలితో తడిమి తీయాలి. లంకల్లో ఇసుక దారుల మీద పల్లేరు కాయలూ, కాలవ గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్ళూ ఈ పని చేసేవే. ట్యూబు లోపలివైపు, పుల్లల దిక్కున బొక్క ఉంటే రిమ్ము టేపు జరిగిందని అర్థం. ఈ మూడింటినీ వేరు చేసి చూడటం నేర్చుకుంటే, కారణం వదిలేసి ఊరికే ప్యాచ్ మీద ప్యాచ్ వేసే తిప్పలు తప్పుతాయి.

ముందు చక్రంలో గాలి మరీ తగ్గితే ప్రమాదం వేరే. మలుపులో టైరు పక్కకి ఒరిగి, హ్యాండిల్ మీ మాట వినదు. గుడ్డి మలుపుల కాలవ రోడ్ల మీద అది నిజంగా భయపడాల్సిన విషయం.

సరే, నాకు ఎంత?

మీతో, సీసాలతో, సంచితో కలిపి సైకిలు బరువు 80 కిలోల దగ్గరుంటే ఇలా మొదలుపెట్టండి. 25 మి.మీ. టైరయితే ముందు 78, వెనక 84. 28 మి.మీ. అయితే ముందు 64, వెనక 70. 32 మి.మీ. అయితే ముందు 52, వెనక 58. బరువు ఐదు కిలోలు పెరిగినా తగ్గినా రెండు మూడు పీఎస్ఐ అటో ఇటో జరపండి. రోజూ గట్టు రోడ్డయితే ఇంకో నాలుగైదు తగ్గించవచ్చు. ముందు చక్రానికి ఎప్పుడూ తక్కువే, ఎందుకంటే మీ బరువులో సగం కంటే ఎక్కువ వెనక చక్రం మోస్తుంది. రెండింటికీ ఒకే గాలి కొట్టడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు, అది మానాలి.

ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు మాత్రమే. సైకిల్ ఇంజనీరింగు మీద చాలా రాసిన ఫ్రాంక్ బెర్టో అనే అమెరికన్ ఒక కొలత ప్రచారంలోకి తెచ్చారు. మనిషి ఎక్కినప్పుడు టైరు తన ఎత్తులో 15 శాతం అణగాలన్నది దాని సారం. 28 మి.మీ. టైరుకి అది నాలుగు మిల్లీమీటర్లు. ఇంట్లోనే చూడొచ్చు. సైకిల్ గోడకి ఆనించి, మీరు ఎక్కి చేతులు హ్యాండిల్ మీద పెట్టి మామూలుగా కూర్చోండి. ఇంట్లో ఎవరినైనా కింద కూర్చుని స్కేలు నిలబెట్టి చూడమనండి. రిమ్ము అంచుకీ నేలకీ మధ్య దూరం, మీరు ఎక్కక ముందెంత, ఎక్కాకెంత. రెండు మిల్లీమీటర్లే దిగితే టైరు మరీ గట్టిగా ఉన్నట్టు. ఆరు దిగితే మరీ మెత్తన.

ఆ తర్వాత రోడ్డు మీద తేల్చుకోండి. మీకు బాగా తెలిసిన ఒకే ముక్క ఎంచుకోండి, విజ్జేశ్వరం వైపో కడియం నర్సరీల వైపో ఎటైనా సరే. అదే ముక్క మీద ప్రతిసారీ రెండు చక్రాల్లోనూ మూడేసి పీఎస్ఐ తగ్గిస్తూ తొక్కండి. ఒకచోట అదురు ఒక్కసారిగా తగ్గినట్టు తెలుస్తుంది. ఇంకా దిగితే మలుపులో బండి తేలినట్టుంటుంది, లేచి తొక్కితే వెనక చక్రం ఊగుతుంది. అక్కడినుంచి మూడు పైకి రండి. ఆ అంకెని రాసి పెట్టుకోండి.

బొటనవేలితో నొక్కి చూస్తే చాలదా?

పాత సైకిల్‌కి చాలేది. "బాబాయ్, కొంచెం గాలి కొట్టండి" అంటే షాపాయన పంపు తొడిగి, నాలుగు దెబ్బలు వేసి, వేలితో నొక్కి "సరిపోద్దమ్మా, వెళ్ళు" అనేవాడు. ఆ వేలి అంచనా గొప్పదే. ఆ వాల్వులో వాల్‌ట్యూబు అనే సన్న రబ్బరు గొట్టం ఉంటుంది, గాలి లోపలికి పోవడమే గానీ వెనక్కి రాదు. అందుకే గేజీ పెట్టినా లోపలి ఒత్తిడి సరిగ్గా చూపించదు. కొలవడానికి వేలు తప్ప దారి లేదు. 50 లోపు ఒత్తిడి ఉన్న లావు టైరులో తేడా వేలికి తెలుస్తుంది. సన్న టైరులో 65కీ 95కీ తేడా మాత్రం ఎంత చేయి తిరిగిన మనిషికైనా వేలితో తెలియదు. రెండూ గట్టిగానే తగులుతాయి.

అందుకే హెల్మెట్ తర్వాత మీరు కొనాల్సిన మొదటి వస్తువు గేజీ ఉన్న ఫ్లోర్ పంపు. జెర్సీలూ కళ్ళజోళ్ళూ ఆ తర్వాత. పంపు ఎంపికలో ఒక కిటుకు ఉంది. మీరు నొక్కే బలం పంపు గొట్టం వెడల్పు మీద ఆధారపడుతుంది. 38 మి.మీ. గొట్టంతో 80 పీఎస్ఐ చేరాలంటే చివర్లో దాదాపు 64 కిలోల బలంతో నొక్కాలి. 30 మి.మీ. గొట్టంతో 40 కిలోలు చాలు. షాపుల్లోని లావు పంపులు పెద్ద టైర్లని త్వరగా నింపడానికి చేసినవి. వాటితో 80 ఎక్కక అలిసిపోతే లోపం మీది కాదు.

రోడ్ సైకిల్ వాల్వు కూడా వేరే. దాన్ని ప్రెస్టా అంటారు. టోపీ తీశాక కొసన ఉండే చిన్న ఇత్తడి మరని పైకి తిప్పి, ఒక్కసారి లోపలికి నొక్కి వదలండి, టిస్‌మని చప్పుడొస్తుంది. ఆ నొక్కు మరిస్తే అతుక్కుపోయిన వాల్వు తెరుచుకోక, పంపు గేజీ లేని గాలి చూపిస్తుంది. కొట్టడం అయ్యాక మర బిగించండి. పంపు తల పీకేటప్పుడు పక్కకి వంచితే ఆ సన్న కాడ విరిగిపోతుంది, నిటారుగా లాగాలి. పల్లెలో పంపు దీనికి పట్టదు కాబట్టి గోరంత ఇత్తడి అడాప్టరు ఒకటి సంచిలో ఉంచుకోండి. పెట్రోలు బంకులో మాత్రం జాగ్రత్త. కారు టైరుకి తగ్గ కంప్రెసరు ఈ చిన్న ట్యూబుని కన్నుమూసి తెరిచేలోగా నింపేస్తుంది, ఆపేలోపే పేలిపోవచ్చు.

పోయిన ఆదివారమే కొట్టాను, మళ్ళీనా?

మళ్ళీనే. ట్యూబు రబ్బరులోంచి గాలి కనిపించకుండా బయటికి పోతూనే ఉంటుంది. టైరు చిన్నది, ఒత్తిడి ఎక్కువ, కాబట్టి వారంలో ఐదు నుంచి పది పీఎస్ఐ తగ్గడం రోగం కాదు. తొక్కబోయే ప్రతిసారీ చూసుకోండి.

మేలో ఎండకి పేలిపోదా?

రాజమండ్రిలో 45 డిగ్రీలు దాటిన రోజులు ఉన్నాయి కాబట్టి భయం సహజం. లెక్క చూద్దాం. 80 పీఎస్ఐ టైరులో వేడి పది డిగ్రీలు పెరిగితే గాలి సుమారు మూడు పీఎస్ఐ పెరుగుతుంది. తెల్లవారుజామున 28 డిగ్రీల్లో కొట్టిన టైరు ఎండలో 58 డిగ్రీలకి కాగినా 90 దగ్గర ఆగుతుంది. హద్దుకి ఎంతో లోపలే. ఎండలో పేలిన టైర్ల దగ్గర తరచూ దొరికే కారణాలు వేరు: ట్యూబు టైరు అంచు కింద ఇరుక్కోవడం, టైరు రిమ్ములో సరిగా కూర్చోకపోవడం, పక్కగోడ చీకిపోవడం. వాటిని సరిచూసుకోండి. గరిష్ఠం దాకా కొట్టిన టైరు మాత్రం ఆ వేడికి హద్దు దాటుతుంది.

వానల్లో?

నాలుగైదు పీఎస్ఐ తగ్గించండి, పట్టు పెరుగుతుంది. సన్న టైరు నీటి మీద తేలిపోతుందన్న భయం వద్దు, సైకిల్ అందుకునే వేగాల్లో అది జరగదు. సార్వా దమ్ముల రోజుల్లో పొలం నుంచి ట్రాక్టర్లు ఎక్కించిన రేగడి బురద మీద, చేపల లారీలోంచి కారిన నీటి మీద ఏ గాలీ కాపాడదు, నిదానమే కాపాడుతుంది. దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటే దిగి నడిపించుకుని వెళ్ళండి. గింజల మీద టైరు జారుతుంది, పైగా అది ఒక రైతు కుటుంబం పంట.

దారిలో పంక్చరయితే చిన్న పంపుతో ఎంత కొట్టుకోవాలి?

చేతి పంపుతో 80 ఎక్కించడం కష్టం, 50 నుంచి 60 వచ్చినా ఇల్లు చేరొచ్చు. ఎన్ని దెబ్బలకి అంత వస్తుందో ఇంట్లో ఒకసారి ఫ్లోర్ పంపు గేజీతో సరిచూసి గుర్తుపెట్టుకోండి, దారిలో గేజీ ఉండదు. గొయ్యి వస్తే సీటు మీంచి కొంచెం లేచి, మోకాళ్ళు వదులుగా ఉంచి దాటండి, వెనక చక్రానికి దెబ్బ తగ్గుతుంది. చిన్న సిలిండరులోంచి కార్బన్ డయాక్సైడు కొట్టుకుని ఉంటే, ఆ వాయువు ట్యూబు రబ్బరులోంచి మామూలు గాలి కంటే చాలా త్వరగా బయటికి పోతుంది. ఇంటికి రాగానే దాన్నంతా వదిలేసి, మామూలు గాలితో మీ అంకె దాకా నింపి పెట్టండి.